ఆమెన్ అనేదాకా

అక్టోబరు పదిహేడు, మంగళవారం, ఉదయం ఐదు గంటల నలభై నిమిషాలకు సాన్ హెరోనిమో జిల్లా ఆసుపత్రి గేటు దగ్గర వాచ్‌మన్ ఒక పేరు పిలిచాడు. రెండుసార్లు పిలిచాడు. ఎవరూ పలకలేదు. అతను చేతిలో ఉన్న కాగితం మీద ఆ పేరు పక్కన గీత గీసి, కింది పేరు పిలిచాడు.

గీత పడిన పేరు ఫెలిసియానా ఒర్దోన్యెస్. వయసు యాభై నాలుగు. ఊరు కొండ మీది ఎల్ పాల్మార్. షుగరు జబ్బు మనిషి. ఎడమ పాదంలో రెండు వేళ్ళు నల్లబడి, ఆదివారం నుంచి ఆడవాళ్ళ వార్డులో ఉంది. వేళ్ళు తీసెయ్యాలని డాక్టరు సోమవారం సాయంత్రం రాశాడు. పేరు పిలిచిన చోటికి ముప్పై అడుగుల దూరంలో, రోడ్డుకి అవతలి పక్క, ఆమె మొగుడు వెన్సెస్లావో టోపీ తీసి చేత్తో పట్టుకుని, కళ్ళు మూసుకుని నిలబడి ఉన్నాడు. కళ్ళు మూసుకోమని మైకులో చెప్పారు.

ఆ ఆసుపత్రిలో రోగుల తాలూకు వాళ్ళకి లోపల చోటు లేదు. గేటు బయట కాలిబాట మీద అట్టలు పరుచుకుని పడుకుంటారు. ఆపరేషనుకి వంతు వచ్చిన వాళ్ళ పేర్లు తెల్లవారుజామున వాచ్‌మన్ ఫాకుండో చదువుతాడు. పేరు విన్నవాళ్ళు లోపలికెళ్ళి సంతకం పెట్టాలి, బయట మందుల షాపులో కొన్న దారం, గ్లౌజులు, సెలైన్ సీసాలు అప్పజెప్పాలి. పలకకపోతే వంతు కింది పేరుకి పోతుంది. ఆపరేషన్లు చేసే డాక్టరు వారానికి రెండు రోజులు వస్తాడు, మంగళవారం, శుక్రవారం.

రోడ్డుకి అవతల ఉన్నది జీవజల సంఘం అనే చర్చి వాళ్ళ కాఫీ టేబులు. టేబులు వెనక ఆరుగురు ఉన్నారు. ఆరుగురికీ నీలం రంగు, చేతుల్లేని కోట్లు. వీపు మీద ‘ప్రేమ హస్తాలు’ అని కుట్టి ఉంది. ఆ వరసలో చివరి మనిషి నోల్వియా. పట్టకారుతో తీపి బన్నులు అందించడం ఆమె పని. ఫాకుండో పిలిచిన పేరు ఆమెకి వినబడింది.

నోల్వియాకి అరవై ఒకటి. బజారులో మొక్కజొన్న రొట్టెలు కాల్చి అమ్ముతుంది. పదకొండేళ్ళ కిందట ఆమె మొగుడు ఇదే ఆసుపత్రిలో నాలుగు రోజులు ఉండి చనిపోయాడు. ఆ నాలుగు రోజులూ ఆమె గేటు బయట ఉంది. ఆదివారం ఐదు సంఘాల వాళ్ళు వచ్చి ఐదుసార్లు తిండి పెట్టారు. ఐదోసారి ఇచ్చింది కుక్కలు తిన్నాయి. సోమవారం ఎవరూ రాలేదు. మంగళవారం ఎవరూ రాలేదు. మొగుణ్ణి పాతిపెట్టిన తర్వాతి వారం నుంచి ఆమె మంగళవారాలు కాఫీ తీసుకెళ్ళడం మొదలుపెట్టింది.

రెండు ఫ్లాస్కులు, ఒక సంచి బన్నులు. నాలుగున్నరకి మొదలుపెట్టి కాలిబాట పొడుగునా నడుస్తూ పోసేది. కూర్చున్న వాళ్ళని లేవనిచ్చేది కాదు. పోస్తూ ఒక్క మాట అడిగేది, లోపల ఉన్నది ఎవరు అని. వాళ్ళు చెప్పేవాళ్ళు. ఐదున్నర అయ్యేసరికి గేటు పక్కకి వెళ్ళి నిలబడేది. ఫాకుండోది చిన్న గొంతు, లైను సగం దాకా కూడా వెళ్ళదు. అతను పేరు చదవగానే ఆమె అందుకుని అరిచేది. ‘టోపీ పెద్దాయనా, మీ చెల్లెలే, లే! ఓ ఎర్ర శాలువా అమ్మా, నిన్నే!’ బజారులో ముప్పై ఏళ్ళు రొట్టెలమ్మిన గొంతు. ఫాకుండో దానికి అలవాటు పడ్డాడు. పేరు చదివి ఆమె వైపు చూసి ఆగేవాడు.

కాఫీ సంగతి ఊళ్ళో చాలామందికి తెలుసు. పేర్ల సంగతి ఫాకుండోకి తప్ప ఎవరికీ తెలియదు. అది చెప్పుకోవలసిన పని అని నోల్వియా అనుకోలేదు.

మార్చిలో ఒక ఆదివారం జీవజల సంఘంలో ఒకామె సాక్ష్యం చెప్పింది. కొడుకు లోపల చావుబతుకుల్లో ఉంటే ఎవరో ముసలావిడ కాఫీ పోసిందని, ఆ కాఫీలో దేవుణ్ణి చూశానని. ఆవిడ ఎవరో కాదు, మూడో వరసలో కూర్చుందని చూపించింది. పాస్టర్ ఓల్విన్ నోల్వియాని నిలబడమన్నారు. నాలుగు వందల మంది చప్పట్లు కొట్టారు. ఆ రోజు తనకి బాగా అనిపించిందని నోల్వియా తర్వాత చెప్పింది. ఇంటికి వెళ్ళాక కూడా అనిపించిందట.

నెల తిరక్కుండా సంఘం దాన్ని పరిచర్యగా చేసింది. టైర్ల షాపు ఎడ్గార్డోని దానికి పెద్దగా పెట్టారు. అతనికి పికప్ బండి ఉంది, స్పీకరు బాక్సులు ఉన్నాయి, కష్టపడే గుణం ఉంది. ఇందులో ఏదీ అబద్ధం కాదు. టేబులు కొన్నాడు, పెద్ద కాఫీ డేక్సా కొన్నాడు, రాజధాని తెగుసిగల్పాలో కోట్లు కుట్టించాడు. నోల్వియాకి వచ్చిన కోటు ఒక సైజు పెద్దది.

కార్యక్రమం వరస అతనే రాశాడు. మూడు పాటలు, పది నిమిషాలు వాక్యం, ప్రార్థన, తర్వాత కాఫీ. జనం రోడ్డు దాటి టేబులు దగ్గరికి రావాలి. చల్లారిపోతుంది, ముందే పోద్దాం అని నోల్వియా మొదటి రోజే అంది. ఎడ్గార్డో నవ్వాడు.

“ముందు పోస్తే తాగి పోతారు సిస్టర్. తర్వాత వాక్యం ఎవరికి చెప్పాలి, కుక్కలకా?”

ఏప్రిల్లో ఆమె మైకు గురించి మొదటిసారి చెప్పింది. పేర్లు వినబడటం లేదని. ఎడ్గార్డో వెళ్ళి గేటు దగ్గర నిలబడి విని వచ్చి, వినబడుతున్నాయన్నాడు. ఆ టైములో ఫాకుండో పేర్లు చదవడం లేదు. జూన్లో రెండోసారి చెప్పింది. ఒక మీట రెండు గీతలు తగ్గించారు, తర్వాతి వారం ఎవరో పెంచారు. ఆగస్టులో పాస్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన ఆమె మాట పూర్తిగా విన్నారు. విని, పరిచర్య మీ చేతుల్లోంచి పోయిందని ఎక్కడైనా చిన్న బాధ ఉందేమో చూసుకోండి సిస్టర్ అన్నారు. తిట్టినట్టు అనలేదు.

ఆమె చూసుకుంది. ఉంది.

సెప్టెంబరులో సంఘం వార్షికోత్సవం జరిగింది. ఆ ఆదివారం పాస్టర్ ఓల్విన్ ఎవరికీ చాటకుండా చేసే ధర్మం గురించి నలభై నిమిషాలు వాక్యం చెప్పారు. తర్వాత ప్రేమ హస్తాల ఫొటోలు తెర మీద వేశారు. ఆరుగురినీ వేదిక మీదకి పిలిచారు. నోల్వియాని ఆఖరున పిలిచి, సిస్టర్ నోల్వియా బన్నుల దగ్గర సాయం చేస్తారు అని పరిచయం చేశారు. ఆమె వారం రోజులు దాని గురించే ఆలోచించింది. రొట్టెలు మాడ్చింది. పక్క కొట్టు ఆమె అడిగితే ఏం లేదంది.

ఆ తర్వాతి ప్రార్థన కూడికలో ఎడ్గార్డో లేచి, ప్రభువా, మా సిస్టర్ నోల్వియా లోపల ఉన్న చేదు వేరుని పెరికివెయ్యి అని గట్టిగా ప్రార్థించాడు. అందరూ ఆమెన్ అన్నారు. అలవాటు కొద్దీ నోల్వియా కూడా అంది.

అక్టోబరు పది, మంగళవారం, ప్రార్థన మధ్యలో ఫాకుండో ఒక పేరు చదివాడు. నోల్వియా పట్టకారు చేత్తో పట్టుకునే రోడ్డు మీదకి వచ్చి ఆ పేరు అరిచింది. పేరు గల వాళ్ళు పరిగెత్తారు. ఎడ్గార్డో ప్రార్థన ఆపి, మైకులోనే, ‘సిస్టర్, ఇది బజారు కాదు, ప్రార్థన అయ్యాక అమ్ముకుందురు’ అన్నాడు. జనం నవ్వారు. ఆమె టేబులు వెనక్కి వెళ్ళింది.

పదిహేడున ఐదు గంటలకి వెన్సెస్లావో టేబులు దగ్గరికి వచ్చి, ఇప్పుడే కాస్త కాఫీ ఇస్తారా అని అడిగాడు. కాసేపట్లో అని చెప్పారు. వరస చివర నోల్వియా ఉంది. లోపల ఎవరు అని అడిగింది. భార్య, ఫెలిసియానా, వేళ్ళు తీస్తారట అన్నాడు. వేళ్ళు పోతే పోయాయి, నడుస్తుందిగా అన్నాడు. ఆయన అక్కడే, ఆమె ఎదురుగా నిలబడ్డాడు.

ప్రార్థన ఐదూ ముప్పై తొమ్మిదికి మొదలైంది. ఒక నిమిషానికి ఫాకుండో గేటు తెరుచుకుని బయటికి వచ్చాడు. పదిహేడో తేదీన జరిగినది ఎవరు అడిగినా నోల్వియా ఒకేలా చెప్పింది. పేరు వినబడింది. నోరు తెరిచింది. అప్పుడు ఆమెకి అనిపించింది, జరగనీ, ఒక్కసారి జరిగితే అప్పుడు తెలుస్తుంది వీళ్ళకి. నోరు మూసుకుంది. ఫాకుండో ఆమె వైపు చూశాడు. ఆమె బన్ను పట్టుకుంది. రెండోసారి పిలిచాడు. ప్రార్థన ఐదూ నలభై రెండుకి ముగిసింది. ఆమెన్ అనగానే ఆమె ఎదురుగా ఉన్న మనిషిని, మిమ్మల్ని పిలిచారు, పరిగెత్తండి అంది.

వెన్సెస్లావో పరిగెత్తాడు. ఆమె వెనకే వెళ్ళింది. యోరో నుంచి వచ్చిన ఒకతను అప్పటికే లోపల సంతకం పెడుతున్నాడు. అతని అన్నకి పిత్తాశయంలో రాళ్ళు.

“గీత గీసేశాను,” అన్నాడు ఫాకుండో. “కాగితం పైకి వెళ్ళిపోయింది.”

“ముప్పై అడుగుల అవతలే ఉన్నాడయ్యా మనిషి.”

“ఉంటే పలకాలి. నేను నీ వైపే చూశా నోల్వియా. అరుస్తావని ఆగాను కూడా. నువ్వు నన్ను చూసి బన్ను పట్టుకున్నావు.”

కాగితం ఎక్కడికి వెళ్ళింది అని నోల్వియా అడిగింది. రెండో నంబరు కిటికీ అన్నాడు. రెండో నంబరు కిటికీ ఎనిమిదికి తెరుస్తారు. తెరిచారు. డాక్టరు సంతకం ఉంటే తప్ప వరస మార్చడం కుదరదని అక్కడి అమ్మాయి చెప్పింది. డాక్టరు థియేటర్లో ఉన్నాడు, రెండింటి దాకా రాడు. నర్సుల పెద్దని కలవమన్నారు. ఆవిడ సెలవు. ఆవిడ చోటులో ఉన్నామె ఇది నా పని కాదంది, కిటికీకి వెళ్ళమంది. కిటికీ దగ్గర ముప్పై మంది ఉన్నారు. రెండూ పదికి డాక్టరు థియేటర్ నుంచి వచ్చాడని తెలిసి వాళ్ళు ముందు గేటు దగ్గర నిలబడ్డారు. ఆయన వెనక గేటు నుంచి వెళ్ళాడు. మూడింటికి కిటికీ అమ్మాయి జాలిపడి శుక్రవారం జాబితాలో ఫెలిసియానా పేరు మొదట రాసింది. వెన్సెస్లావో ఆమెకి రెండుసార్లు దండం పెట్టాడు.

ఎడ్గార్డో ఆ పొద్దున్నే డేక్సా బండి మీదకి ఎక్కిస్తుండగా నోల్వియా అతనికి సంగతి చెప్పింది. అతను డేక్సా కింద పెట్టాడు. బాధపడ్డాడు, అది కనబడింది.

“అయ్యో. కానీ దేవుని సమయం తప్పదు సిస్టర్. శుక్రవారం ఇంకా మంచి డాక్టరు రావచ్చు.”

“రెండు రోజులూ ఒకడే డాక్టరు బ్రదర్.”

“అయితే విశ్రాంతి తీసుకుని వస్తాడు.”

బుధవారం ఆమె పాస్టరు ఇంటికి వెళ్ళింది. మైకు వల్ల ఒకామె వంతు పోయిందని చెప్పింది. ఆయన, మీకు ఆ పేరు వినబడిందా అని అడిగారు. వినబడిందంది. మరి ఎందుకు అరవలేదు అన్నారు. పోయిన వారం అరిస్తే మైకులో అవమానించారని చెప్పవచ్చు. అది నిజమే. ఆమె దారి పొడుగునా అదే చెప్పాలనుకుంటూ వచ్చింది.

“అరవచ్చు,” అంది. “అరవలేదు. జరిగితే మీకు బుద్ధి వస్తుందనుకున్నాను. మీకు చూపించాలనుకున్నాను.”

పాస్టర్ ఓల్విన్ కళ్ళు తుడుచుకున్నారు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో చూడలేదన్నారు. “ఇది గొప్ప సాక్ష్యం సిస్టర్. ఆదివారం చెప్పండి. ఎంతమంది హృదయాలు కరుగుతాయో.”

మైకు సంగతేమిటి అని ఆమె అడిగింది. కమిటీలో పెడతానన్నారు. కమిటీ నెలలో మొదటి శనివారం కూర్చుంటుంది.

గురువారం సాయంత్రం ఆమె గేటు దగ్గరికి చిక్కుళ్ళు, రొట్టెలు తీసుకెళ్ళి వెన్సెస్లావో పక్కన అట్ట మీద కూర్చుంది. ఆయన తింటున్నంతసేపు ఆగి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. ఆయన వేళ్ళు తుడుచుకుని, దేవుడు మీకు మేలు చెయ్యాలి అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది, నాకు వినబడింది, మీరు నా ఎదురుగా ఉన్నారు, కావాలని ఊరుకున్నాను.

“వినబడిందక్కా మీరు చెప్పింది. చెముడు లేదు నాకు.”

“మరి ఏమీ అనరేం?”

“ఏమంటాను? కోప్పడే తీరిక లేదు. కాఫీ కోతలు మొదలయ్యాయి. సోమవారానికి పోకపోతే తోట ఆయన నా చోటు ఇంకొకడికి ఇస్తాడు. దీన్ని చూసే మనిషి లేదు.” గిన్నె ఆమె చేతికిచ్చాడు. “ఇక్కడికొచ్చి ఐదు రోజులైంది. తిన్నావా అని అడిగింది మీరొక్కరే.”

ఆమె గిన్నె తీసుకుని ఇంటికి వెళ్ళింది.

శుక్రవారం ఇరవయ్యో తేదీ, ఐదూ ముప్పై ఐదుకి ఫాకుండో మొదట ఫెలిసియానా పేరు చదివాడు. శుక్రవారాలు సంఘం వాళ్ళు రారు, మైకు లేదు. వెన్సెస్లావో గేటుని ఆనుకునే నిలబడి ఉన్నాడు. నోల్వియా అతని పక్కన ఉంది. అరవాల్సిన పని పడలేదు. పదకొండున్నరకి ఒక నర్సు బయటికి వచ్చి, నలుపు పాదం అంతా పాకిందని, చీలమండ పైన తీసేశారని చెప్పింది. మంగళవారమే అయితే వేళ్ళతో పోయేదా అని నోల్వియా డాక్టరుని అడిగింది. ఈసారి వెనక గేటు దగ్గర కాపు కాసింది. పోయి ఉండవచ్చు, పోకపోయి ఉండవచ్చు, తాను చెప్పలేనని ఆయన అన్నాడు. అన్న మాట అంతే.

ఆదివారం ఉదయం పాస్టరు సాక్ష్యానికి పిలిస్తే ఆమె తల అడ్డంగా ఊపింది. ఎవరి కాలు పోయిందో ఆవిడకి ఇంకా చెప్పలేదు, మీ అందరికీ ముందు ఎలా చెప్తానంది. ఆయన అర్థం చేసుకున్నానన్నారు. తర్వాత వాక్యంలో, పేరు చెప్పకుండా, మనలో ఒక సహోదరి అంటూ సంగతంతా చెప్పారు. మూడో వరస వైపు నాలుగు వందల తలలు తిరిగాయి. కొందరు ఏడ్చారు. కూడిక అయ్యాక ఎడ్గార్డో వచ్చి రెండు చేతులూ పట్టుకుని ఆమెని క్షమించానన్నాడు.

“దేనికి బ్రదర్?”

“అన్నిటికీ సిస్టర్.”

చూడ్డానికి వచ్చేవాళ్ళని ఆసుపత్రిలోకి వదిలేది ఆదివారం రెండు నుంచి మూడు దాకా. రెండూ ఐదుకి నోల్వియా ఆడవాళ్ళ వార్డులో తొమ్మిదో మంచం దగ్గర ఉంది. ఫెలిసియానాని ఆమె చూడటం అదే మొదటిసారి. దిండుకి ఆనుకుని కూర్చుని కిటికీలోకి చూస్తోంది. నోల్వియా కుర్చీ కోసం చూడలేదు. నిలబడే చెప్పింది. చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది.

“నువ్వు విన్నావు,” అంది ఫెలిసియానా.

“విన్నాను.”

“మా ఆయన అక్కడే ఉన్నాడు.”

“నా ఎదురుగానే.”

“చేతిలో ఏముంది నీకు?”

“పట్టకారు.”

“దాంతో ఆయన నెత్తి మీద ఒకటి ఇచ్చినా సరిపోయేదే. అరవడం కూడా అక్కర్లేదు.” గొంతు పెరిగింది. అటూ ఇటూ మంచాల వాళ్ళు ఇటు తిరిగారు. “మీలో మీకు తగువు. వాళ్ళకి పాఠం చెప్పాలి నీకు. దానికి నా కాలే దొరికిందా? నీకు రెండున్నాయిగా.”

నోల్వియా అవునంది.

“క్షమించమని అడగడానికి వచ్చావా?”

“లేదు. చెప్పడానికి వచ్చాను.”

“చెప్పావుగా. పో.”

నోల్వియా తలుపు దాకా వెళ్ళింది. వెనక నుంచి పిలుపు వచ్చింది.

“ఇదిగో. ఆయన పొద్దుటి బస్సుకి పోయాడు. ఈ దుప్పటి అప్పటి నుంచి తడిగా ఉంది. చూస్తూ వెళ్ళిపోతావేం?”

ఆ ఆసుపత్రిలో దుప్పట్లు ఉతకడం, రోగికి తిండి తేవడం, బెడ్‌పాన్ తీయడం ఇంటివాళ్ళ పని. మనిషి లేనివాళ్ళకి పక్క మంచం వాళ్ళు చేస్తారు, చేస్తే. చూడ్డానికి వచ్చేవాళ్ళకి ఆదివారమే గానీ రోగిని చూసుకునే మనిషికి రోజూ ఒక చీటీ ఇస్తారు. సోమవారం నుంచి ఆ చీటీ మీద నోల్వియా పేరు ఉంది. చుట్టరికం అన్న చోట ఫాకుండో ఏమీ రాయలేదు.

ఆమె పొద్దున రొట్టెలు కాల్చి, కొట్టు పక్కామెకి అప్పజెప్పి, ఎనిమిదికి వచ్చేది. ఫెలిసియానా దేనికీ బాగుందని అనలేదు. సూపులో ఉప్పు ఎక్కువ అనేది. తక్కువేస్తే, నీళ్ళు కాచి తెచ్చావా అనేది. రొట్టె విరిచి చూసి, ఇవేనా బజారులో అమ్మేది, జనం నిజంగా డబ్బులిస్తారా అని అడిగింది. ఆ రోజు వార్డంతా నవ్వారు. నోల్వియాకి కోపం వచ్చింది, మెట్ల దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. ఏడో మంచం మీదకి కొత్తగా ఒకామె వచ్చింది. రెండు రోజులు చూసి, మీ అక్కయ్య ఎంత పుణ్యాత్మురాలండీ అంది.

“అక్కయ్యా? ఏం చేసిందో దాన్నే అడుగు,” అంది ఫెలిసియానా.

నోల్వియా బెడ్‌పాన్ కింద పెట్టి చెప్పింది. ఆ తర్వాత ఏడో మంచానికి ఇంకో ఇద్దరు వచ్చారు. ఇద్దరికీ చెప్పవలసి వచ్చింది.

ఇరవై నాలుగో తేదీ మంగళవారం పికప్ వచ్చింది. స్పీకరు బాక్సులు దిగాయి. నోల్వియా కోటు మడిచి తెచ్చి టేబులు మీద పెట్టి, గేటు దగ్గర నిలబడింది. కోటు లేనివాళ్ళు పరిచర్యలో లేనట్టే అని ఎడ్గార్డో చెప్పించాడు. సరే అని ఆమె కబురు పంపింది. ఆ రోజు ప్రార్థన సమయంలో ఫాకుండో నాలుగు పేర్లు చదివాడు. నాలుగూ ఆమె అరిచింది. ఎడ్గార్డో గొంతు పెంచాడు. ఆమె ఇంకా పెంచింది. ఒకాయన కళ్ళు తెరిచి, వీళ్ళలో ఎవరికి ఆమెన్ అనాలి అని పక్కవాణ్ణి అడిగాడు. తర్వాతి మంగళవారం కూడా ఇలాగే జరిగింది. కమిటీ నవంబరు నాలుగున కూర్చుంది. మైకు సంగతి డిసెంబరు సమావేశానికి వాయిదా వేశారు.

ఈ మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం పాస్టర్ ఓల్విన్, ఎడ్గార్డో ప్రార్థన చెయ్యడానికి వార్డుకి వచ్చారు. అప్పుడు నోల్వియా నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని మంచం కింద తుడుస్తోంది. ఎడ్గార్డో జేబులోంచి ఫోను తీశాడు.

“ఫొటో తీశావంటే ఆ గిన్నెలో ఉన్నది నీ మీద పోస్తా,” అంది ఫెలిసియానా. “లోపల ఏముందో చూసుకో ముందు.”

ఎడ్గార్డో ఫోను లోపల పెట్టుకున్నాడు. పాస్టరు ప్రార్థన చేశారు. ఆమెన్ అని ముందు వినబడింది ఫెలిసియానా గొంతు. ప్రార్థన అప్పటికి సగంలో ఉంది. ఆయన అక్కడితో ముగించారు. మెట్ల దగ్గర ఆయన నోల్వియాని ఆపి, మీరు చేస్తున్నది చూసి దేవుడు సంతోషిస్తాడన్నారు. నాకు తెలియదు పాస్టర్ గారూ, ఇది ఎందుకు చేస్తున్నానో కూడా నాకు తెలియడం లేదు, రోజూ పొద్దున రాకూడదనే అనిపిస్తుంది అంది. నీళ్ళ బకెట్టు చేతిలో ఉంది. ఆయన దాన్ని తీసుకుని కింది అంతస్తు దాకా మోశారు.

నవంబరు ఎనిమిది, బుధవారం ఫెలిసియానాని పంపించారు. వెన్సెస్లావో తోటలో ఒక రోజు సెలవు అడిగి వచ్చాడు. సంకల కింద కర్రలు ఆయనే చేసి తెచ్చాడు, జామ కర్రతో. అవి రెండు అంగుళాలు పొడుగయ్యాయి. బస్టాండులో కూర్చుని కోస్తుంటే ఫెలిసియానా ఆయన్ని, నోల్వియాని, కర్రలని వరసగా తిట్టింది. నోల్వియా సంచులు పైకి ఎక్కించింది. ఆవిణ్ణి వీపు మీద చెయ్యేసి మెట్టు ఎక్కించింది. ఫెలిసియానా కిటికీ పక్క సీట్లో సర్దుకుంది. దారి కోసం పొట్లం కట్టిన రొట్టెలు నోల్వియా కిటికీలోంచి అందించింది. ఆవిడ తీసుకుని వాసన చూసి ఒళ్ళో పెట్టుకుంది.

వెన్సెస్లావో మళ్ళీ దేవుడు మీకు మేలు చెయ్యాలి అన్నాడు. ఫెలిసియానా ఆ మాట అనలేదు.

“శనివారం కట్టు మార్చాలన్నాడు డాక్టరు,” అంది, కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తూ. “మా ఊళ్ళో నర్సు లేదు. ఈయనకి చేతకాదు, రక్తం చూస్తే పడిపోతాడు.”

“కట్టుగుడ్డ ఉందా?” అని నోల్వియా అడిగింది.

“ఎక్కడిది?”

బస్సు పదకొండూ పదికి బయల్దేరింది.

శనివారం, నవంబరు పదకొండున, ఎల్ పాల్మార్ వెళ్ళే ఏడు గంటల బస్సులో పద్నాలుగు టిక్కెట్లు తెగాయి. అందులో ఒకటి నోల్వియాది.